తెరచాప పడవ బిరడా

ముప్పదిరెండేండ్లు ఉన్నత పాఠశాలలో తెలుగు వ్యాకరణము చెప్పినవాడు పడవ యంత్రమును గూర్చి రేడియోలో మాటలాడ బూనుట యేమని మీలో కొందఱకు సందేహము కలుగవచ్చును. ఆ సందేహము న్యాయమైనదే. నేను యంత్రశాస్త్రము చదివినవాడను కాను. కాని యొక యంత్రమును చెఱచినవాడను. చెఱచిన పిమ్మట దానిని బాగుచేయువారి ప్రక్కన నిలిచి చూచినవాడను. ఈ రెండు అర్హతలతోనే మీ యెదుటికి వచ్చితిని.

మాది తాళ్ళరేవు ప్రాంతము. కోరంగి మాకు చేరువ. 1789లోను, 1839లోను వచ్చిన ఉప్పెనలు కోరంగి రేవును పాడుచేసినను, కొయ్య ఓడలు కట్టు విద్య మా వైపున నిలిచినది. చిన్ననాట ఆ వడ్రంగులు పలకల సందులలో నార కూరి, గుగ్గిలమును నూనెతో కాచి పూయుచుండగా బడి యెగవేసి చూచుచుండెడివాడను. కావున పడవ కారుట యనిన నేమో, ఆ కారుటను మాన్పుట యనిన నేమో నాకు తెలియునను ధీమా యొకటి లోలోపల ఉండెడిది. ఆ ధీమాయే నాచేత తప్పు చేయించినది.

తెరచాప పడవకు యంత్రమేల యని మీరడుగుదురేమో. నేనును చాలకాలము అట్లే అనుకొంటిని. 2017 సెప్టెంబరు 10వ తేదీని గోవానుండి బయలుదేఱి, భూమిని చుట్టి, 2018 మే 21వ తేదీని మరల గోవా చేరిన 'తారిణి' యను పడవను మీరెఱుగుదురు. అందలి ఆఱుగురు నౌకాదళ అధికారిణులలో విశాఖపట్టణమునకు చెందిన పి. స్వాతియు, హైదరాబాదునకు చెందిన బి. ఐశ్వర్యయు ఇద్దఱు మన తెలుగు ఆడపడుచులే. పత్రికలో ఆ వార్త చదివినపుడు నా మనసున నిలిచినది గాలియు, చాపయు మాత్రమే. కాని గాలి రేవుల ఇరుకుదనమును ఎఱుగదు. వందల పడవలు చేరువ చేరువగా కట్టియున్నచోట నేర్పుగా దూరి, నిలిచి, వెనుకకు తిరుగవలెనన్న యంత్రము కావలెను. నడి నీటిలో గాలి పడిపోయి, ఎదుట పెద్ద ఓడ వచ్చుచున్నపుడు ప్రాణములు కాచునదియు ఆ యంత్రమే.

మా రెండవవాడు ఇంగ్లాండులో సౌతాంప్టను నగరమున ఉద్యోగి. 2022 మార్చిలో నేనును నా భార్యయు వానియొద్దకు పోయితిమి. అంతకు ఏడాది ముందు వాడును, వాని స్నేహితులిద్దఱును కలిసి ముప్పది అడుగుల పాత తెరచాప పడవ నొకదానిని కొనియుండిరి. అది హాంబుల్ అను చిన్న యేటిలో ఉండును. ఆ యేటి పొడవునను పడవలే. మన గోదావరి పాయలలో కొబ్బరిచెట్లెన్నియో అక్కడ తెరచాప కొయ్యలన్ని. ఆ ప్రాంతమున పోటు వచ్చి, కొంచెము తగ్గి, మరల రెండవమాఱు పొంగును. ఆ యేటి బురదలోనే ఐదవ హెన్రీ రాజు 1418లో కట్టించిన 'గ్రాస్ దియూ' అను మహానౌక శిథిలమై పడియున్నది. 1439లో పిడుగు పడి అది కాలిపోయినదట. రాజుగారి ఓడను చూపుమని నేను పట్టుబట్టితిని గాని, నీరు మిక్కిలి తీసిన దినములలో తప్ప ఏమియు కానరాదని మావాడు చెప్పెను.

ఇక యంత్రము సంగతి. పూర్వపు పడవలలో యంత్రమునుండి పొడవైన ఇరుసొకటి వెనుకకు ఏటవాలుగా దిగి, ఓడ అడుగును దూసికొని పోయి, చివర ప్రొపెల్లరును త్రిప్పుచుండెడిది. 1970 తరువాతి దశాబ్దమున వేఱొక పద్ధతి వ్యాపించినది. దానిని సెయిల్‌డ్రైవ్ అందురు. ఇందు యంత్రమునకు క్రిందుగా ఒక కాలుండును. ఆ కాలు ఓడ అడుగునందలి పెద్ద రంధ్రమునుండి నిట్టనిలువుగా నీటిలోనికి దిగియుండును. యంత్రపు భ్రమణము పండ్ల చక్రముల మూలమున ఒకమాఱు క్రిందికి మళ్ళి, మరల ఒకమాఱు వెనుకకు మళ్ళి ప్రొపెల్లరును చేరును. కాలి చుట్టును ఓడ రంధ్రమును మూయుచు దళసరి రబ్బరు వలయ మొకటి యుండును. ఓడకును సముద్రమునకును నడుమ అచ్చట నున్నది ఆ రబ్బరు మాత్రమే. అందుచేతనే కొందఱు తయారీదారులు దానిని ఏడేండ్లకొకమాఱు మార్చితీరవలెనని శాసింతురు.

కాలు అల్యూమినియముతో పోసినది. లోపల నూనె, వెలుపల ఉప్పునీరు. అడుగున నూనె తీయుటకొక రంధ్రము, దానికి మర గల బిరడా. మన మెకానిక్కులు దీనినే డ్రెయిన్ ప్లగ్గు అందురు. మరను త్రెడ్డు అందురు.

ఈ అల్యూమినియము సముద్రములో బ్రతుకుటయే యొక చిత్రము. రెండు వేఱు లోహములు ఒకదానినొకటి తాకి ఉప్పునీట నున్నయెడల వానిలో బలహీనమైనది కరగిపోవును. భోజుని పేరిట నున్న యుక్తికల్పతరువులో సముద్రమున తిరుగు ఓడల పలకలకు ఇనుప బంధము కూడదని నిషేధము కలదు. అయస్కాంత శిలలు ఓడను లాగికొనునని అక్కడ చెప్పిన కారణము. కారణము కల్పన కావచ్చును గాని, కడలిలో లోహమును నమ్మరాదన్న అనుమానము వట్టిది కాదు. 1761లో ఆంగ్లేయులు 'అలారం' అను యుద్ధనౌక అడుగున రాగి రేకులు తాపగా, రెండేండ్లలో ఇనుప మేకులు తినిపోయినవి. 1824లో హంఫ్రీ డేవీ యను శాస్త్రజ్ఞుడు దీనికి ఉపాయము కనిపెట్టెను. రాగికి తుత్తునాగమునో ఇనుమునో తగిలించినచో, అది తాను కరగి రాగిని కాపాడునని చూపెను. రాగి చక్కగా నిలిచినది. కాని రాగి కరుగుట మానగనే ఓడ అడుగున నాచును గుల్లలును విపరీతముగా పెరిగినవట! ఒక వ్యాధికిచ్చిన మందు వేఱొక దానిని తెచ్చినట్లు. ఐనను ఆ తుత్తునాగపు ఉంగరమే నేటికిని ఈ కాలి చివర తాను కరగుచు కాలిని కాచుచున్నది. అది అరిగిపోయిన పిమ్మట మార్చకున్న అల్యూమినియమునకు గుంటలు పడును. మొట్టమొదట దెబ్బ తినునవి మరలే.

ఏప్రిలు నెల మొదట మావాడు పడవను ఒడ్డున నిలిపి, కాలిలోని పాత నూనె తీసెను. అది స్వచ్ఛముగా లేదు. మజ్జిగ కలిసినట్లు తెల్లబారియుండెను. నీరు చేరినదనుట స్పష్టము. పొగను చూచి నిప్పును ఊహించుటవంటిదే. కాని నిప్పున్నదని యెఱుగుట వేఱు, అదెక్కడ నున్నదో యెఱుగుట వేఱు. బిరడాకు చుట్టియుండు రబ్బరు ఉంగరము పాతది, గట్టిపడినది గనుక నీరు అక్కడినుండియే చేరెనని మావాడు తలచెను. క్రొత్తది చేతిలో లేదు. తాత్కాలికముగా పాతదానినే వేసి, నూనె పోసి, ఉంగరము కొని తెత్తునని పోయెను.

నేను పడవ క్రింద కుర్చీ వేసికొని కూర్చుంటిని. బిరడానుండి నూనె బొట్టు బొట్టుగా జారుచుండెను. నిమిషమునకొక బొట్టు. ఊరకుండ లేకపోయితిని. అక్కడ పడియున్న పానా తీసికొని కొంచెము బిగించితిని. బొట్టు ఆగలేదు. మఱికొంచెము బిగించితిని. ఆగినట్లే ఆగి మరల జారినది. పట్టుదల కలిగినది. లేచి నిలువబడి, రెండు చేతులతో బిగించితిని. పానా ఒక్కసారిగా తేలికయైపోయినది. బావిలో నిండు చేద త్రాడు తెగినపుడు చేతికి తెలియు తేలికదనమది. బిరడా ఊడి చేతిలోనికి వచ్చినది. దాని చుట్టును వెండి తీగవలె అల్యూమినియపు చుట్ట. నూనె ధారగా నా చెప్పులపై కారినది.

ఏమియు నెఱుగనివానివలె బిరడాను మరల రంధ్రమున నదిమి ఊరకుందునా యని ఒక క్షణము తోచిన మాట నిజము. కాని నూనె ఊరకుండదు గదా.

మావాడు వచ్చి చూచెను. "నాన్నగారూ, ఎంతవఱకు బిగించితిరి?" అని మెల్లగా అడిగెను. "బొట్టు ఆగువఱకు బిగింపదలచితి నాయనా" అంటిని. "ఆగినదా?" "లేదు." అంతటితో మా సంభాషణ ముగిసినది. పదునొకండు దినములలో పడవను నీట దింపు యంత్రపు వంతు మాది. అది తప్పిన మరల ఎప్పుడో. స్నేహితులలో ఒకడు జూలైలో ఉద్యోగరీత్యా వేఱు దేశము పోవుచుండెను. అంతకు ముందు మేనెలలో ముగ్గురును కలిసి సముద్రమును దాటి ఫ్రాన్సులోని షెర్బూర్గు రేవునకు పోయిరావలెనని శీతకాలమంతయు పటములు పఱచుకొని సంకల్పించియుండిరి. క్రొత్త కాలి తొడుగు వెల విచారింపగా, అది నా ఆఱు నెలల పింఛనును మించినది. ఆ రాత్రి భోజనము సహింపలేదు. మావాడు కోపపడినను బాగుండెడిది, వాడు కోపపడలేదు.

మఱునాడు ఆ పడవల ఆవరణలోనే పనిచేయు వృద్ధ మెకానిక్కు నొకరిని తీసికొని వచ్చిరి. నాకంటె నాలుగైదేండ్లు పెద్దవారు. ఆయన రంధ్రమున వ్రేలు పెట్టి చూచి, బిరడాను చూచి, నావైపు చూచి, నవ్వి, ఒక మాట చెప్పిరి. మర పని పట్టుకొనుట. ఆపుట రబ్బరు పని. కారుచున్నదని మరను బిగించువాడు కావలివాని తప్పునకు వంటవానిని కొట్టుచున్నాడనినట్లు దాని భావము. నేను సిగ్గుపడితిని. ఒక సూత్రము చేయవలసిన కార్యమును వేఱొక సూత్రముపై నెట్టిన విద్యార్థిని నేనెన్నిమాఱులు బల్లపై నిలువబెట్టలేదు! మర సందులలో సన్నని త్రోవ ఒకటి చుట్టలు చుట్టలుగా లోపలినుండి వెలుపలికి ఉండనే యుండును. ఎంత బిగించినను ఆ త్రోవ మూసికొనదు. మూయునది బిరడా తలక్రిందనున్న ఉంగరము. అది మెత్తగా నుండి, దాని పీఠము చదునుగా నున్న చాలును. మితమైన బిగువు సరిపోవును. ఉక్కు బిరడా అల్యూమినియపు మరను ఎపుడును గెలుచును. బిగువు భారమంతయు మొదటి రెండు మూడు చుట్ల మీదనే పడును గనుక అవి తెగగానే తక్కినవి వరుసగా తెగును.

మరమ్మతునకు త్రోవలు రెండని ఆయన చెప్పిరి. రంధ్రమును పెద్దది చేసి పెద్ద బిరడా వేయుట యొకటి. కాని చుట్టునున్న గోడ పలుచన. రెండవది, ఉక్కు తీగ చుట్టను లోపల నాటుట. దీనిని హెలికాయిల్ అందురు. ఆ తీగ పలక రూపమున కోణములు దేఱియుండును. వెలుపలి అంచు అల్యూమినియమును, లోపలి అంచు బిరడాను పట్టుకొనును. తుప్పుపట్టని ఉక్కును అల్యూమినియమున నాటిన ఉప్పునీట మరల లోహముల జగడము రాదా యని నేనడిగితిని. డేవీగారి కథ అప్పటికే చదివియుంటిని గదా. ఆయన సంతోషించి, ఉంగరము బిగువుగా నున్నంతకాలము ఆ చుట్ట నూనెలో నుండును గాని సముద్రమును చూడదనిరి. చూచినను రెండు లోహములు తాకకుండ ఒక లేపనము పూయుదుమనిరి. మంచి ప్రశ్న యడిగితినను తృప్తి నాకు ఆ దినమున లభించిన మొదటి ఊరట.

పని రెండు గంటలు పట్టినది. అందులో రంధ్రము త్రవ్వుట రెండు నిమిషములే, తక్కినదంతయు జాగ్రత్త. రంధ్రమునకు పైన పండ్ల చక్రములున్నవి గనుక డ్రిల్లు ఎంతలోతు పోవలెనో దానికి పట్టీ చుట్టి గుఱుతు పెట్టిరి. డ్రిల్లు వాలకుండుటకు కొయ్య దిమ్మకు నిలువుగా రంధ్రము చేసి దానిని కాలి అడుగునకు బిగించిరి. బిరడా 10 మిల్లీమీటర్లది. డ్రిల్లు సుమారు 10.4. పిమ్మట మర కోయు ట్యాపును కిరసనాయిలులో తడిపి, దాని గాళ్ళకు గ్రీజు పట్టించి, చేతితో త్రిప్పిరి. అర చుట్టు ముందుకు, పాతిక చుట్టు వెనుకకు. వెనుకకు త్రిప్పినపుడు తెగిన పొట్టు విఱిగి గ్రీజున కంటుకొనును. ఒక్క రేణువు లోపల చిక్కినను పండ్ల చక్రములు దానిని నమలి తామును చెడును. రంధ్రము క్రిందివైపు చూచుచుండుట మా అదృష్టము. పొట్టు తనంత తానే రాలినది. నా కోడలు తెల్లని పింగాణీ పళ్ళెము తెచ్చి ఇచ్చినది. నేను దానిని క్రింద పట్టుకొని కూర్చుంటిని.

పళ్ళెము మఱొకందులకు కూడ ఉపయోగపడినది. తీగ చుట్టను లోనికి త్రిప్పుటకు దాని చివర చిన్న అడ్డపు తోక ఉండును. చుట్ట అంచునకు పావు చుట్టు లోపలికి దిగిన పిమ్మట ఆ తోకను విఱిచి తీయవలెను. అది లోపల పడినచో నాటినది నాటినట్లే యుండి, లోపల ముల్లు మిగులును. ఆ ఉక్కును అయస్కాంతము కూడ సరిగా పట్టదు. తోక టంగున పళ్ళెములో పడిన శబ్దము విని నలుగురమును ఒక్కసారి ఊపిరి విడిచితిమి. పిమ్మట పీఠమున నున్న సన్నని గుంటలను లోహపు పొడి కలిసిన బంకతో పూడ్చి, ఆరిన తరువాత చదును చేసి, లోపల పలుచని నూనె పోసి కడిగి, క్రొత్త ఉంగరముతో బిరడాను అమర్చిరి. చివరి బిగువు నన్నే చేయుమనిరి! బిగువును కొలుచు పానా నా చేతికిచ్చి, అది టక్కుమనగానే ఆపుమనిరి. అంత స్వల్పమైన బలమునకే అది టక్కుమనుట చూచి ఆశ్చర్యపడితిని. నేను ముందు ప్రయోగించినది దానికి నాలుగు రెట్లైనను ఉండును.

ఇంతటితో పని ముగిసినదని మేమనుకొంటిమి. ఆయన అనుకొనలేదు. "నూనె తెల్లబారినది బిరడా వలననే యని ఎవరు చెప్పిరి?" అని మావానిని అడిగిరి. పైన నూనె కొలుచు రంధ్రమునకు గొట్టము తగిలించి, చేతి పంపుతో కొంచెము గాలి నింపిరి. ఎక్కువ నింపిన సీళ్ళే చెడునట. సబ్బునీటిని కాలి సందులన్నిటికిని కుంచెతో పూసిరి. బిరడా చుట్టును ఏమియు లేదు. ప్రొపెల్లరు వెనుక, ఇరుసు మొదట, చిన్న చిన్న బుడగలు లేచినవి.

మావాని ముఖము చిన్నబోయినది. నాది కొంత తేఱుకొన్నదని చెప్పుటకు సిగ్గుపడను. ప్రొపెల్లరు తీయగా, ఇరుసునకు జాలరి గాలపు నైలాను దారము చుట్టలుగా చుట్టుకొని, వేడికి కరగి, సీలు పెదవిని కోసియున్నది. బిరడా మర చెడకున్నచో ఎవరును గాలి నింపి చూచియుండరు. క్రొత్త ఉంగరము వేసి, నీరు చేరుట మానినదను నమ్మకముతో సముద్రమునకు పోయియుందురు. నూనెలో ఉప్పునీరు చేరి బేరింగులు తుప్పుపట్టి నడి నీటిలో పండ్ల చక్రములు పట్టివేసినచో, సౌతాంప్టనునకు వచ్చిపోవు మహానౌకల దారిలో వారు నిలిచిపోవలసి వచ్చెడిది. ఇది నా తప్పునకు సమర్థనము కాదు. తప్పు తప్పే.

ఆ యంత్రములో సీళ్ళు రెండు, వెన్నునకు వెన్ను చేర్చి ఉండును. ఒకటి లోనికి చూచి నూనెను కాచును. వేఱొకటి వెలుపలికి చూచి నీటిని ఆపును. మన గుడి ద్వారమున ఇద్దఱు ద్వారపాలకులును ఒకే వైపు చూతురు గాని, ఇచ్చట అట్లు కాదు. పాత సీలు లోహపు అంచున చిన్న రంధ్రము చేసి, మరమేకు నాటి, దానిని పట్టి లాగిరి, ఇరుసు గీచుకొనరాదు. పాత సీలు పెదవి రాచి రాచి ఇరుసుపై సన్నని గాడి చేసియుండెను. క్రొత్తదానిని ఆ గాడిలో పడకుండ ఒకటి రెండు మిల్లీమీటర్లు ప్రక్కగా నిలిపిరి. ఇరుసు పండ్లకు రాచుకొని పెదవి తెగకుండ పలుచని పట్టీ చుట్టి, గ్రీజు రాచి, దానిపైనుండి జార్చిరి. మరల గాలి నింపి, ఒక గంట చూచితిమి. పీడనపు ముల్లు కదలలేదు. తుత్తునాగపు ఉంగరము సగము పైగా అరిగియుండుట చూచి దానిని కూడ మార్చిరి. ఓడ రంధ్రపు రబ్బరుపై అచ్చుపడిన సంవత్సరమును చదివి, ఇంకను రెండేండ్ల గడువున్నదని చెప్పిరి.

మా వంతు వచ్చిన దినమున పడవను పట్టీలతో ఎత్తి నీటిపై దింపి, పట్టీలు విప్పకయే నిలిపిరి. లోపల నేల పలక తీసి, చేతి దీపముతో ఆ రబ్బరు వలయమును చూచు పని నాకప్పగించిరి. ఇరువది నిమిషములు మోకాళ్ళపై నుంటిని. పొడిగానే యుండెను. వ్రేలితో తడవితిని, ముక్కునకు నూనె వాసన తప్ప ఏమియు తగులలేదు. పైనుండి మావాడు "ఏమి నాన్నగారూ?" అని కేకవేయగా, "పొడిగా నున్నది నాయనా, విప్పింపుము" అంటిని.

పది గంటలు యంత్రము నడచిన పిమ్మట నూనె కొలుచు కడ్డీని తీసి తెల్లని గుడ్డపై తుడిచి చూచిరి. తేనె రంగు. మే నెల మూడవ వారమున ముగ్గురును షెర్బూర్గునకు పోయి ఐదవనాడు తిరిగి వచ్చిరి. నన్నును రమ్మనిరి గాని, ఆ సముద్రపు చలికి నేను జంకితిని.